ప్రమోటర్ల గడిలో సున్నా

త్రైమాసికం ముగిసిన 21 రోజుల లోపల మన దేశంలో లిస్టయిన ప్రతి కంపెనీ తన షేర్లు ఎవరెవరి చేతుల్లో ఎన్ని ఉన్నాయో స్టాక్ ఎక్స్ఛేంజీలకు ఒక పట్టిక రూపంలో తెలియజేయాలి. లాభనష్టాల లెక్కల మీద పెట్టే శ్రద్ధలో పదో వంతు కూడా మనవాళ్లు ఆ పట్టిక మీద పెట్టరు. నేను మాత్రం కొన్నేళ్లుగా సిగరెట్ల కంపెనీ ఐటీసీ పట్టికను వదలకుండా చూస్తున్నాను. తెరిచిన ప్రతిసారీ చూపు మొదటి వరుస దగ్గరే ఆగిపోతుంది. ‘ప్రమోటర్లు, ప్రమోటర్ల బృందం’ అన్న మాటకు ఎదురుగా అక్కడ సున్నా ఉంటుంది. దేశంలోని అతిపెద్ద కంపెనీల్లో ఒకటైన దానికి, ముప్పై లక్షలకు పైగా వాటాదారులున్న దానికి, కాగితం మీద యజమాని అనదగినవాడు లేడన్నమాట.

మా నాన్నగారిది చీరాల దగ్గర పల్లె. పొగాకును కాల్చి ఆరబెట్టే బ్యారన్లున్న ఆ ఊళ్లలో ఐటీసీ అన్న పేరు వినబడేది తక్కువ. అందరికీ అది ఐఎల్‌టీడీ. 1912లో గుంటూరు ప్రాంతంలో ఆకు కొనుగోలు కోసం మొదలైన ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ పేరే పెద్దవాళ్ల నోళ్లలో అలా నిలిచిపోయింది. చిన్నప్పుడు ఆ కంపెనీ ఎవరిదని అడిగితే ‘తెల్లదొరలది’ అని మా తాతగారు చెప్పేవారు. ఆ జవాబు ఎంతవరకు నిజమో తేల్చుకోవడానికే నేను ఈ పట్టికలు చదవడం మొదలుపెట్టానంటే అతిశయోక్తి కాదు.

1910 ఆగస్టు 24న కలకత్తాలో ఇంపీరియల్ టొబాకో కంపెనీ ఆఫ్ ఇండియాగా పుట్టినప్పుడు అది నిస్సందేహంగా దొరలదే. 1969లో అజిత్ నారాయణ్ హక్సర్ తొలి భారతీయ ఛైర్మన్ అయ్యారు, మరుసటి ఏడాది పేరులోని ‘ఇంపీరియల్’ పోయి ‘ఇండియా’ వచ్చింది. 1973 నాటి విదేశీ మారక నియంత్రణ చట్టం విదేశీ కంపెనీలను తమ వాటా తగ్గించుకోమని ఒత్తిడి చేసినప్పుడు బ్రిటిష్ అమెరికన్ టొబాకో, అంటే పత్రికలు బ్యాట్ అని రాసే లండన్ కంపెనీ, విడతలు విడతలుగా 40 శాతం లోపుకు దిగింది. అలా వదులుకున్న షేర్లలో పెద్ద భాగం ఎల్ఐసీ, ప్రభుత్వ మ్యూచువల్ ఫండ్ సంస్థ అయిన యూనిట్ ట్రస్టు, ప్రభుత్వ సాధారణ బీమా కంపెనీల చేతుల్లోకి చేరింది. నేటి పట్టిక వెనక ఉన్న కథంతా ఆ దశాబ్దంలోనే మొదలైంది.

ఇక పట్టిక సంగతి. అందులో ప్రధానంగా రెండు భాగాలుంటాయి: ప్రమోటర్లు ఒకవైపు, ‘పబ్లిక్’ మరొకవైపు. పబ్లిక్ అనగానే మనకు నలభయ్యో యాభయ్యో షేర్లున్న రిటైర్డ్ ఉపాధ్యాయుడు గుర్తుకొస్తాడు. కాని పట్టిక భాషలో మ్యూచువల్ ఫండ్లు, బీమా కంపెనీలు, బ్యాంకులు, విదేశీ మదుపు సంస్థలు కూడా పబ్లిక్కే. వాళ్లను ‘సంస్థలు’ అనే ఉపవిభాగంలో వేస్తారు, అంతే తేడా. ఈ భాగంలో ఒక శాతానికి మించి షేర్లున్న వారి పేర్లు విడిగా రాయాలన్న నియమం ఉంది కాబట్టి అసలు సమాచారమంతా ఆ పేర్లలోనే దొరుకుతుంది.

ఐటీసీ పట్టికలో ఆ పేర్లు చదువుతూ పోతే టొబాకో మాన్యుఫాక్చరర్స్ (ఇండియా) లిమిటెడ్ అనే పేరు కనిపిస్తుంది. దాని పేరులో ఇండియా ఉన్నా అది బ్యాట్ చేతిలోని కంపెనీ. దాంతోపాటు మరి రెండు చిన్న పేర్లు కలిపితే బ్యాట్ వాటా తేలుతుంది. 2024 మార్చి వరకు అది 29 శాతం. మన దేశంలో కొన్ని కుటుంబ కంపెనీల్లో ప్రమోటర్లకు కూడా అంత వాటా ఉండదు. అయినా చట్టం దృష్టిలో బ్యాట్ ఐటీసీకి ప్రమోటర్ కాదు, ఒక పబ్లిక్ వాటాదారు మాత్రమే.

ఇది చోద్యంగా అనిపిస్తే హైదరాబాద్ వైపు చూడండి. అజామాబాద్‌లోని వీఎస్‌టీ ఇండస్ట్రీస్, అంటే 1930లో వజీర్ సుల్తాన్ టొబాకో కంపెనీగా నమోదై చార్మినార్ సిగరెట్లను ఊరూరికీ చేర్చిన సంస్థ, తన పట్టికలో ప్రమోటర్ల గడిలో 32 శాతం చూపిస్తుంది. ఆ ప్రమోటర్ ఎవరంటే అదే బ్యాట్! ఒకే లండన్ కంపెనీ, ఒకే సిగరెట్ల వ్యాపారం, కోల్‌కతాలో అయితే పబ్లిక్, హైదరాబాద్‌లో అయితే ప్రమోటర్. అదే వీఎస్‌టీలో ముంబై మదుపుదారు రాధాకిషన్ దమానీ, ఆయన కంపెనీలు కలిపి ఇంచుమించు ప్రమోటరుతో సమానమైన వాటాను ఏళ్ల తరబడి పట్టుకుని కూర్చున్నా ఆయన వరుస పబ్లిక్ వరుసే. 2001లో ఆయన పక్షం వీఎస్‌టీ కోసం ఓపెన్ ఆఫర్, అంటే మిగతా వాటాదారుల షేర్లు ఫలానా ధరకు కొంటామనే బహిరంగ ప్రతిపాదన, ప్రకటిస్తే ఐటీసీ అనుబంధ సంస్థ పోటీ ఆఫర్‌తో రంగంలోకి దిగింది. బ్యాట్‌కు పెద్ద వాటా ఉన్న ఒక కంపెనీ, బ్యాట్ ప్రమోటర్‌గా ఉన్న మరో కంపెనీ షేర్ల కోసం వేలంపాటలో నిలబడిందన్నమాట.

ఈ తేడాకు కారణం శాతాల్లో లేదు. కంపెనీ వ్యవహారాలను ప్రత్యక్షంగానో పరోక్షంగానో తన అదుపులో ఉంచుకున్నవాడు, లేదా కంపెనీ తన పత్రాల్లో ప్రమోటరుగా పేర్కొన్నవాడు ప్రమోటరు అని కంపెనీల చట్టం చెబుతుంది. ఐటీసీలో ఆ అదుపు బ్యాట్‌కు దక్కలేదు. 1990ల మధ్యలో సగానికి మించిన వాటా కోసం బ్యాట్ గట్టి ప్రయత్నమే చేసింది. అప్పటి ఛైర్మన్ కె.ఎల్. చుగ్ ఎదురు తిరిగారు. లండన్‌కూ కోల్‌కతాకూ మధ్య సాగిన ఆ పోరులో ఎల్ఐసీ, యూనిట్ ట్రస్టు వంటి ప్రభుత్వ ఆర్థిక సంస్థల మొగ్గే కీలకమైంది. అవి బ్యాట్‌కు పగ్గాలు అప్పగించడానికి ఇష్టపడలేదు. 1996 జనవరిలో వై.సి. దేవేశ్వర్ ఛైర్మన్ అయ్యాక రెండు దశాబ్దాలకు పైగా కంపెనీ ఆయన చేతుల మీదుగా నడిచింది. 2010లో ప్రభుత్వం సిగరెట్ల తయారీలో విదేశీ ప్రత్యక్ష పెట్టుబడిని పూర్తిగా నిషేధించడంతో బ్యాట్ ముందు ఉన్నది నిలుపుకోవడం, లేదంటే అమ్ముకోవడం అనే రెండు దారులే మిగిలాయి.

అయితే అదుపు లేకపోయినా 25 శాతం దాటిన వాటాకు ఒక ప్రత్యేకమైన విలువ ఉంది. కంపెనీ నియమావళిని మార్చడం వంటి పెద్ద నిర్ణయాలకు ప్రత్యేక తీర్మానం కావాలి. ఆ తీర్మానం నెగ్గాలంటే పోలైన ఓట్లలో నాలుగింట మూడు వంతులు అనుకూలంగా పడాలి. కాబట్టి పావు వంతుకు పైగా ఓట్లు ఒకరి చేతిలో ఉంటే ఆ ఒక్కరే దానిని ఆపగలరు. ఏదీ చేయించలేకపోవచ్చు గాని తనకు నచ్చనిది జరగనివ్వకుండా చూడగలరు. నా దృష్టిలో ఈ పట్టికను చదివేటప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న ‘ఎవరికి ఎంత ఉంది’ అన్నది కాదు, ‘ఎవరు దేనిని ఆపగలరు’ అన్నదే. 2024 మార్చిలో బ్యాట్ సుమారు 43.7 కోట్ల షేర్లను అమ్మి దాదాపు 17,500 కోట్ల రూపాయలు తీసుకుపోయినప్పుడు కూడా 25.5 శాతం దగ్గర ఆగిపోవడంలోని మర్మం అదే.

ఇప్పుడు ప్రభుత్వ పక్షం. పట్టికలో ఎల్ఐసీకి 15 శాతానికి పైగా ఉంటుంది. ఎస్‌యూయూటీఐ అనే పలకడానికి వీలుకాని పేరుతో మరో 8 శాతానికి కాస్త తక్కువ ఉంటుంది. 2001 జులైలో యూనిట్ ట్రస్టు వారి యూఎస్-64 మదుపు పథకం కుప్పకూలినప్పుడు మధ్యతరగతి ఇళ్లలో ఎంత కలవరం రేగిందో గుర్తున్నవారు ఇంకా చాలామందే ఉంటారు. ఆ తర్వాత యూనిట్ ట్రస్టును రెండుగా విడదీసి, ప్రభుత్వ హామీ ఉన్న పాత పథకాల ఆస్తులను అప్పగించడానికి ఏర్పాటు చేసినదే ఈ ప్రత్యేక సంస్థ. దాని దగ్గరున్న యాక్సిస్ బ్యాంకు, ఎల్ అండ్ టీ షేర్లను ప్రభుత్వం విడతలవారీగా అమ్ముకుంది. ఐటీసీలో మాత్రం 2017 ఫిబ్రవరిలో 2 శాతం అమ్మి 6,690 కోట్లు రాబట్టి అక్కడితో ఆగింది. ఆ రెండు శాతాన్ని కొన్నది ఎల్ఐసీ! కుడిచేతిలోంచి ఎడమచేతిలోకి మారిన సొమ్మును ఖజానా లెక్కలో పెట్టుబడుల ఉపసంహరణ అన్నారు. ప్రభుత్వ రంగ సాధారణ బీమా కంపెనీల చిన్న వాటాలను కూడా కలిపితే సర్కారు నీడలో ఉన్నది పావు వంతు దాకా తేలుతుంది.

ఒకపక్క సిగరెట్ పెట్టె మీద భయపెట్టే బొమ్మ వేయించి, దాని మీద ఎడాపెడా పన్ను వేసే ప్రభుత్వమే మరోపక్క ఆ సిగరెట్ల లాభంలో వాటా తీసుకోవడం ఎంతవరకు సబబని ప్రశ్నిస్తూ 2017లో బొంబాయి హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం కూడా దాఖలైంది. ఆ నైతిక చర్చలోకి నేను దిగను, ఎందుకంటే మా ఇంట్లో చదువులు సాగింది పొగాకు డబ్బుతోనే. కాని ఒక్క సంగతి మాత్రం చెప్పక తప్పదు: ఎల్ఐసీ పాలసీ ఉన్న ప్రతివాడూ, తెలిసో తెలియకో, ఈ వ్యాపారంలో చిన్నపాటి భాగస్వామే.

ఇక లోపలివారు. కుటుంబ కంపెనీలో లోపలివాడంటే ప్రమోటరే. ఐటీసీలో లోపలివారంటే జీతానికి పనిచేసే అధికారులు. వాళ్లకు షేర్లు వచ్చేది ప్రధానంగా ఈసాప్ ద్వారా, అంటే ముందుగా నిర్ణయించిన ధరకు కొత్త షేర్లు పుచ్చుకునే హక్కు ద్వారా. ఒక్కొక్కరి వాటా శాతంలో చెప్పుకోదగింది కాదు. అయినా కొత్త షేర్లు పుట్టిన ప్రతిసారీ పాతవారి వాటా పలచబడుతుంది. 2010 ప్రాంతంలో 31 శాతానికి పైగా ఉన్న బ్యాట్ వాటా, అది అమ్మకాలు జరపకపోయినా, 29 దగ్గరకు చేరింది ఇలాగే. వేలాది ఉద్యోగుల చిన్న చిన్న హక్కులు లండన్ వాటాను చాప కింద నీరులా అరగదీశాయన్న మాట నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది.

లోపలివారి క్రయవిక్రయాల మీద స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2015లో తెచ్చిన నిబంధనలు గట్టిగానే ఉన్నాయి. త్రైమాసికం ముగిసిన నాటి నుంచి ఫలితాలు వెలువడిన 48 గంటల వరకు వాళ్లు షేర్లు ముట్టుకోకూడదు. ఒకసారి కొంటే ఆరు నెలల దాకా అమ్మకూడదు. త్రైమాసికంలో లావాదేవీల విలువ 10 లక్షలు దాటితే రెండు ట్రేడింగ్ రోజుల్లో కంపెనీకి చెప్పాలి, కంపెనీ ఎక్స్ఛేంజీకి చెప్పాలి. ఇలాంటి ప్రకటన ఒకటి బయటికి రాగానే ‘డైరెక్టరే అమ్మేస్తున్నాడు’ అని వాట్సాప్ గ్రూపుల్లో గోల మొదలవుతుంది. ఈసాప్ షేర్లు అమ్మినవాడు కూతురి పెళ్లికి అమ్మాడో, ఇంటి అప్పు తీర్చడానికి అమ్మాడో మనకు తెలియదు. అమ్మకం కన్నా సొంత జేబులోంచి డబ్బు పెట్టి బజారు ధరకు కొనడం ఎక్కువ సంగతి చెబుతుందని నా అభిప్రాయం.

లోపలివారి వాటాను అసలు పట్టించుకోకపోతే ఏమవుతుందో తెలుగువారికి ఒకరు చెప్పనక్కరలేదు. సత్యం కంప్యూటర్స్‌లో ప్రమోటర్ల వాటా 2001 మార్చిలో 25.6 శాతం. ఏటా ఆ అంకె తరుగుతూనే వచ్చింది, 2008 మార్చి నాటికి 8.7కు దిగింది. ఆ ఏడేళ్ల పట్టికలు ఎవరైనా చూడగలిగేలా బయటే ఉన్నాయి. 2008 డిసెంబరు 16న కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొంటామని ప్రకటిస్తే సంస్థాగత మదుపుదారులు భగ్గుమన్నారు, గంటల్లోనే ఆ ప్రతిపాదన వెనక్కి పోయింది. ప్రమోటర్లకు మిగిలిన షేర్లు కూడా తాకట్టులో ఉన్నాయని, అప్పిచ్చినవాళ్లు వాటిని అమ్ముకుంటున్నారని బజారుకు తెలిసింది ఆ తర్వాతే. 2009 జనవరి 7న ఖాతాల్లోని మోసాన్ని ఒప్పుకుంటూ ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ వెలువడింది. తాకట్టు పెట్టిన షేర్ల వివరాలు వెల్లడించి తీరాలని సెబీ నిర్ణయించింది ఆ నెలలోనే. పట్టికలో ఇవాళ మనం చూసే తాకట్టు గడి హైదరాబాద్ పుణ్యమే అనుకోవచ్చు.

అయితే సత్యం విషయంలో మేలుకున్న సంస్థలు ఎప్పుడూ అలాగే మేలుకుని ఉంటాయని చెప్పలేం. ఐటీసీ హోటళ్ల విభజన ప్రతిపాదనలో కొత్త కంపెనీలో 60 శాతం నేరుగా వాటాదారులకు ఇచ్చి 40 శాతం ఐటీసీ తన దగ్గరే ఉంచుకుంటుందన్నారు. మొత్తం మాకే ఎందుకు ఇవ్వరని చిన్న మదుపుదారులు ఎంతో సణిగారు. వారిలో నేనూ ఒకణ్ని. 2024 జూన్ 6న ఓటింగ్ జరిగితే 99 శాతానికి పైగా ఓట్లు అనుకూలంగా పడ్డాయి. ఆ సభకు ఫోన్‌లోంచి హాజరై నేను వేసిన వ్యతిరేక ఓటు మిగిలిన ఆ ఒక్క శాతం లోపు ఎక్కడో ఉంది. 2025 జనవరి 29న ఐటీసీ హోటల్స్ విడిగా లిస్టయింది, ప్రతి పది ఐటీసీ షేర్లకు ఒక కొత్త షేరు చొప్పున నా ఖాతాలోనూ పడ్డాయి.

2025 మేలో బ్యాట్ మళ్లీ అమ్మింది. ఈసారి సుమారు 13 వేల కోట్ల విలువైన షేర్లు వదులుకుని 23 శాతం దగ్గర నిలిచింది. అంటే ఒంటిచేత్తో ప్రత్యేక తీర్మానాన్ని ఆపగలిగే ఆ 25 శాతం గీతను తనంతట తానే దిగిపోయింది. ఆ డబ్బులో కొంత లండన్‌లో తన సొంత షేర్లను తిరిగి కొనడానికి వాడుకుంటానని అప్పట్లో చెప్పింది. తాతగారు ఉండి ఉంటే ‘దొరలు కంపెనీ అమ్ముకుంటున్నారు’ అనేవారేమో. ఆ త్రైమాసికం పట్టిక జులైలో వచ్చినప్పుడు తెరిచి చూశాను. బ్యాట్ ఎదురుగా అంకె మారింది, ప్రమోటర్ల గడిలో మాత్రం ఎప్పటి సున్నాయే ఉంది.