‘ఇది చెక్కతో చెయ్యలేం టీచర్’

“ఇది చెక్కతో చెయ్యలేం టీచర్. ఈ మూల ముందుకొచ్చింది కదా, మళ్ళీ ఆ మూలకెట్లా అతుక్కుంటది?”

పెన్‌రోజ్ త్రిభుజం (కాగితం మీద గీయగలం గానీ నిజంగా కట్టలేని ఆకారం) బొమ్మ బల్ల మీద పెట్టి మూడు సెకన్లు కాలేదు. పొద్దున ‘అర్థం’ రాయడానికి ర కింద థ వత్తా, ధ వత్తా అని మూడుసార్లు చెరిపి, కాగితం చిరిగేదాకా తెచ్చిన ఐదో తరగతి పిల్లాడే వీడు.

2003లో అచ్చయిన ఒక అధ్యయనంలో ఇలాంటి ‘అసాధ్యపు’ బొమ్మల్నే చూపించారు. డిస్లెక్సియా (తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది) ఉన్నవాళ్ళు మిగతావాళ్ళకంటే త్వరగా పట్టేశారు, తప్పులేమీ పెరగలేదు. ముక్కముక్కగా కాకుండా బొమ్మ మొత్తాన్ని ఒకేసారి చూడటం వల్ల కావచ్చన్నారు. అలాగని డిస్లెక్సియా అంటే వరం అనే పోస్టులు నమ్మకండి. బొమ్మను మనసులో తిప్పి చూడమనే పరీక్షల్లో ఈ పైచేయి నిలకడగా కనిపించలేదు.

ఈ పైచేయి ఉన్న పిల్లల దగ్గరైనా టీచర్లం మనమే దాన్ని తొక్కేస్తాం, బోర్డు మీది నోట్సు ఎక్కించుకోమని. ఒక్కో అక్షరానికీ తల పైకీ కిందికీ, మధ్యలో లైను తప్పిపోవడం. నీటి చక్రం చెప్పేటప్పుడు ముందు పాఠం చదివి వినిపించండి. బాణాలతో బొమ్మ గీయనివ్వండి. ఆవిరి, మబ్బు, వాన, చెరువు, ఈ నాలుగు మాటలూ ఆఖర్న రాయిస్తే చాలు. పరీక్ష నోటితో పెట్టండి.

అన్నట్టు, ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో ఆ త్రిభుజాన్ని లోహంతో నిలబెట్టారు. సరైన చోట నిలబడి చూస్తేనే మూలలు కలిసినట్టుంటాయి, పక్కకి జరిగితే విడిపోతాయి. రేపు ఆ ఫొటో చూపించాలి వీడికి.