వెనక మూత తీయక్కర్లేని వాచీ

మార్చిలో ఇంటర్ పరీక్షలకి ఇన్విజిలేషన్ పడింది. హాల్లోకి ఫోన్ తీసుకెళ్లకూడదు కదా, ఆ మూడు గంటలూ చేతికున్న వాచీయే దిక్కు. రెండో బెంచీలో అమ్మాయి తలెత్తి "మేడం, టైమ్ ఎంతైందండీ" అని మెల్లగా అడిగింది. చెయ్యి తిప్పి చూస్తే గ్లాసు లోపలంతా ఆవిరి. ముళ్లు ఉన్నాయని తెలుస్తోంది, ఎక్కడున్నాయో తెలియట్లేదు. దానికితోడు నాకు ఈమధ్యే చత్వారం మొదలైంది. పదకొండుంబావు అనుకుని అదే చెప్పేశాను. పాపం ఆ పిల్ల మొహం పాలిపోయింది, తల దించుకుని గబగబా రాయడం మొదలుపెట్టింది. కాసేపటికి పదకొండు గంటల బెల్లు మోగింది. తను నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఇరవై ఏళ్ల నుంచీ ఫిజిక్స్ చెప్తున్నా కానీ ఒక స్టూడెంట్ ముందు అంత చిన్నబోయింది మాత్రం అదే మొదటిసారి.

ఆ వాచీకి అంతకు నాలుగు నెలల ముందే కొత్త సెల్లు వేయించాను, కాలేజీకి వెళ్లే దారిలో ఒక షాపులో. ఐదు నిమిషాల్లో వేసిచ్చేశాడు, నేనూ సంతోషంగా వచ్చేశాను. ఈసారి మాత్రం పూర్ణా మార్కెట్ దగ్గర ఒక పెద్దాయన ఉంటాడంటే వెతుక్కుంటూ వెళ్లాను. ఆయన షాపు అంటే ఒక గాజు పెట్టె, దాని వెనక స్టూలు, పైన వేలాడే చిన్న లైటు, అంతే. కంటికి భూతద్దం బిగించుకుని, చాకు మొనతో మూత పైకి లేపి ఒక్క నిమిషం ఏమీ మాట్లాడలేదు.

"సముద్రంలో ముంచీసినారేటమ్మా?"

లేదండీ, కనీసం స్నానం చేసేటప్పుడు కూడా పెట్టుకోను అన్నాను. ఆయన మూతని అలాగే పట్టుకుని నాకు చూపించాడు. మూత చుట్టూ దారంలా సన్నటి నల్ల రబ్బరు రింగు ఉంటుంది, అది ఒకచోట మడతపడి, గాడిలోంచి బయటికి వచ్చి, మూతకీ కేసుకీ మధ్య నలిగిపోయి ఉంది. సరిగ్గా దాని ఎదురుగానే సెల్లుని పట్టుకునే ఇత్తడి రేకు మీద ఆవగింజంత పచ్చటి చిలుము. పోయినసారి మూత నొక్కిన కుర్రాడు రింగు గాడిలో కూర్చుందో లేదో చూడలేదన్నమాట.

"ఈ ఊల్లో మూత ఎన్నిసార్లు తీస్తే అన్నిసార్లు ఉప్పుగాలి లోనికెళ్లి కూకుంటాదమ్మా" అన్నాడు.

వైజాగ్‌లో ఉండేవాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. బాల్కనీ గ్రిల్లుకి ఏడాదికోసారి పెయింటు వేస్తాం, ఫ్యాన్ రెక్కల మీద జిడ్డు, ఏసీ బయటి యూనిట్ సంగతి చెప్పనే అక్కర్లేదు. బీచ్‌కి రెండు కిలోమీటర్ల లోపల ఉన్నవాళ్ల ఇళ్లలో తుప్పు పట్టనిది ఏదైనా ఉందంటే అది ప్లాస్టిక్కే. అలాంటి ఊళ్లో రెండు మూడేళ్లకోసారి వాచీ మూత తీసి, చెమట చేతుల్తో సెల్లు మార్చి, మళ్లీ నొక్కి మూస్తున్నాం. వెలుతురుతోనే ఛార్జ్ అయ్యే సోలార్ వాచీ గురించి ఎవరు మాట్లాడినా సెల్లు ఖర్చు మిగులుతుందనే అంటారు. సెల్లుకి ఎంత, నూటయాభయ్యో రెండొందలో, దానికోసం ఎవరైనా వేలు పోస్తారా? నాకు సోలార్ కావాలనిపించింది ఆ మూత కోసం. తీసే పని లేకపోతే కంపెనీలో బిగించిన రింగు బిగించినట్టే ఉంటుంది.

స్మార్ట్‌వాచ్ కొనుక్కోవచ్చుగా అని ఇంట్లో ఆయన అన్నారు. కొన్నాను, ఒకటి ఉంది. రోజు విడిచి రోజు ఛార్జింగ్ పెట్టాలి, ఎన్ని అడుగులు నడిచానో నిలదీస్తుంది, పైగా పరీక్ష హాల్లోకి దాన్నీ రానివ్వరు. అది ఇప్పుడు మా అబ్బాయి చేతికి ఉంది.

సోలార్ వాచీ ఎలా పనిచేస్తుందంటే, పెద్ద మాయేం లేదు. లోపలున్నది మామూలు క్వార్ట్జ్ వాచీయే. అందులోని క్వార్ట్జ్ క్రిస్టల్ సెకనుకి 32,768 సార్లు కంపిస్తుంది, దాన్ని పదిహేనుసార్లు సగం చేసుకుంటూ పోతే సెకనుకి ఒకటి మిగులుతుంది, ముల్లు ఒక అడుగు వేస్తుంది. (ఈ లెక్క క్లాసులో చేయిస్తే పిల్లలకి ఎందుకో చాలా నచ్చుతుంది.) దీనికి కావాల్సిన కరెంటు మైక్రో ఆంపియర్లలోనే. కాబట్టి డయల్ కింద చిన్న సోలార్ పలక పెట్టినా సరిపోతుంది. డయల్ చూడ్డానికి నల్లగానే ఉంటుంది కానీ కొంత వెలుతురుని లోపలికి పోనిస్తుంది. ఆ కరెంటు మళ్లీ ఛార్జ్ అయ్యే చిన్న లిథియం సెల్లులో నిలవ ఉంటుంది. వెలుతురుతో నడిచే ముళ్ల వాచీని సిటిజన్ వాళ్లు 1976లోనే తెచ్చారు. ఇప్పుడు వాళ్లవి ఎకో డ్రైవ్ పేరుతో వస్తాయి, కాసియోవి టఫ్ సోలార్, సీకోవి ఉత్త సోలార్. మన టైటాన్ కూడా హెచ్‌టీఎస్ఈ అని వెలుతురుతో నడిచేవి చేసింది.

సోలార్ అనగానే అందరూ ఎండలో పెట్టాలేమో అనుకుంటారు, మా అమ్మయితే వడియాలతో పాటు మేడ మీద ఆరబెట్టమంది. అక్కర్లేదు. ట్యూబ్‌లైట్ వెలుతురు కూడా తీసుకుంటుంది, కాకపోతే తేడా మాత్రం చాలా ఉంటుంది. మిట్టమధ్యాహ్నం ఎండ సుమారు లక్ష లక్స్ (వెలుతురుకి కొలత), వెలుతురు బాగున్న స్టాఫ్ రూమ్ అయితే ఐదొందలు, అంటే రెండొందల రెట్లు తేడా. ఒక రోజు నడవడానికి ఎండలో రెండు మూడు నిమిషాలు చాలు, గదిలో అయితే మూడు నాలుగు గంటలు కావాలి. పొద్దున బస్సు కోసం మద్దిలపాలెంలో నిలబడే పది నిమిషాల్లో నాకు మూడు నాలుగు రోజుల మేత దొరికేస్తుంది. పూర్తిగా నిండితే మామూలు మోడళ్లు చీకట్లో కూడా ఆరు నెలలు నడుస్తాయి. పాడుచేసేదల్లా వేడి. 60 డిగ్రీలు దాటనివ్వొద్దు, కాబట్టి మే నెలలో కారు డాష్‌బోర్డు మీదా మేడ మీదా పెట్టకండి. ఇంకోటి, బీరువాలో చీర మడతల మధ్య దాచి మర్చిపోకండి. ఏళ్ల తరబడి చీకట్లో పూర్తిగా ఖాళీ అయిపోయిన సెల్లు మళ్లీ సరిగ్గా పట్టుకోకపోవచ్చు.

కొనేటప్పుడు నేను పెట్టుకున్న షరతులు తక్కువే. కళ్లజోడు లేకుండా కనిపించే అంకెలు, సెకన్ల ముల్లు, తారీఖు. అంతకుమించి ఒక్క బటన్ ఎక్కువున్నా వద్దు. అప్పటికే మా తమ్ముడు రంగంలోకి దిగిపోయాడు. వాడికి కాసియో జీ-షాక్ వాచీల పిచ్చి. "అక్కా, రేడియో సిగ్నల్‌తో దానంతటదే టైమ్ సరిచేసుకుంటుంది, ఆరు స్టేషన్లు" అని వాడి చెయ్యి చూపించాడు. టైమ్ సిగ్నల్ పంపే ఆరు స్టేషన్లు నిజమే, జపాన్‌లో రెండు, చైనా, అమెరికా, బ్రిటన్, జర్మనీల్లో ఒక్కోటి. నువ్వు కొన్నాక వైజాగ్‌లో ఎన్నిసార్లు సరిచేసుకుందిరా అని అడిగితే నీళ్లు నమిలాడు. మన దగ్గర ఆ సిగ్నల్ అందదు, ఆ ఒక్క ఫీచర్ కోసం ఎక్కువ డబ్బులు పెట్టకండి. అది లేకపోయినా మామూలు సోలార్ క్వార్ట్జ్ సాధారణంగా నెలకి పదిహేను, ఇరవై సెకన్లకి మించి తప్పదు. ఫోన్ చూసి దిద్దుకుంటే అయిపోయె.

నీళ్ల సంగతి కూడా చూసుకోండి. వెనక 30 మీటర్లు అని రాసుంటే 30 మీటర్ల లోతుకి దిగొచ్చని కాదు, చేతులు కడుక్కుంటే, వానలో తడిస్తే పర్లేదని. 100 అని ఉన్నదైతే ఈతకి కూడా పనికొస్తుంది. నేను ఈదను గానీ ఆర్కే బీచ్‌లో పిల్లల్ని పట్టుకుని నిలబడితే కెరటం ఎంత ఎత్తు వస్తుందో ఎవరు చెప్పగలరు? 100 లేనిది చూపించొద్దన్నాను. ఉప్పునీళ్లు తగిలితే ఇంటికొచ్చాక పంపు కింద కడగాలి, అది ఏ వాచీకైనా తప్పదు.

జగదాంబ వైపు ఒక షోరూమ్‌కి వెళ్తే, సేల్స్ అబ్బాయి నన్ను చూడగానే లేడీస్ సెక్షన్‌కి తీసుకెళ్లిపోయాడు. అక్కడున్న సోలార్ వాచీలు రూపాయి బిళ్ల కంటే చిన్నవి, అంకెల బదులు రాళ్లు, గులాబీ రంగు చైను. పెళ్లికి బాగుంటాయి. పరీక్ష హాల్లో ఆ డయల్ మీద నిమిషాలు లెక్కపెట్టాలంటే పెద్దాయన దగ్గర భూతద్దం అద్దెకి తెచ్చుకోవాలి. అటువైపు షెల్ఫులో ఉన్నది చూపించమన్నాను. "మేడం, అది జెంట్స్ మోడల్." ముంజేతిని అడిగి చూద్దాం బాబూ అని పెట్టుకున్నాను. 37 మిల్లీమీటర్ల డయల్, నల్లటి నేల మీద తెల్లటి అంకెలు ఒకటి నుంచి పన్నెండు దాకా, మూడు దగ్గర వారం, తారీఖు, గుడ్డ బెల్టు. సిటిజన్ చాండ్లర్ అది. మగవాళ్లకి ఇప్పుడు 42, 44 అలవాటైపోయి దీన్ని చిన్నదంటున్నారట, నాకు మాత్రం కొలిచి చేసినట్టుంది. కాసియోలో ముళ్లూ డిజిటలూ కలిపినది ఒకటి చూశాను, ఏక్యూ-ఎస్810, అది కూడా సోలారే, 100 మీటర్లే, ధర చాలా తక్కువ, నిజం చెప్పాలంటే డబ్బు ముఖ్యమైతే అదే కొనుక్కోవాలి. ఇంజనీరింగ్‌లో చేరిన మా మేనల్లుడికి అదే కొన్నాం. నాకు ఆ డయల్ మీద మరీ సందడి ఎక్కువనిపించింది.

డబ్బులు కట్టబోతుండగా చూశాను, సెకన్ల ముల్లు ఆగుతూ దూకుతోంది. రెండు సెకన్లు కదలదు, తర్వాత టక్కున రెండు గీతలు ఒకేసారి దాటుతుంది. సేల్స్ అబ్బాయికి చెమటలు పట్టాయి, "మేడం, ఇది పోయినట్టుంది, ఇంకో మోడల్ చూపిస్తాను" అన్నాడు. పోలేదు, ఆకలేస్తోంది దానికి. నెలల తరబడి పెట్టెలో చీకట్లో ఉండిపోయి ఛార్జ్ తగ్గిపోతే ఆ సంగతి అలా చెప్తుంది. టైమ్ మాత్రం తప్పదు, రెండు సెకన్లకోసారి రెండు అడుగులు, లెక్క సరిపోతుంది కదా. ఎంత తెలివైన ఏర్పాటో చూడండి, లైటు లేదు, బీప్ లేదు, ఉన్న ముల్లుతోనే మాట్లాడించారు. ఇంటికి తెచ్చి కిటికీ దగ్గర పెట్టి, కూర తరుగుతూ మధ్యమధ్యలో వెళ్లి చూస్తూ ఉన్నాను. ఎప్పుడు మారిందో నేను చూడలేదు కానీ కుక్కర్ దించి వచ్చేసరికి టిక్, టిక్ అని బుద్ధిగా ఒక్కో గీతే నడుస్తోంది.

ఆరు నెలలైంది. జులై, ఆగస్టుల్లో ముసురు పట్టి వారాలు వారాలు సూర్యుడు కనిపించకపోయినా ఆ గెంతు మళ్లీ రాలేదు. గుడ్డ బెల్టు మాత్రం మన ఊరి చెమటకి పదిహేను రోజులకోసారి సర్ఫ్‌లో నానబెట్టాల్సిందే, దండెం మీద క్లిప్పు పెట్టి ఆరేస్తున్నాను, పక్కింటావిడ అదేంటని అడిగింది. నెలకి 31 రోజులు లేనప్పుడల్లా, అంటే ఏడాదికి ఐదుసార్లు, తారీఖు మనమే తిప్పుకోవాలి. అంతే.

ఫిజిక్స్ వాళ్లకి ఒక చిన్న సరదా సంగతి. భారత ప్రామాణిక కాలాన్ని లెక్కగట్టే 82.5 డిగ్రీల రేఖాంశం మన కాకినాడ పక్కనుంచే పోతుంది. వైజాగ్ దానికి కాస్త తూర్పున ఉంది కాబట్టి మన సూర్యుడికీ వాచీకీ సగటున మూడు నిమిషాలే తేడా. గుజరాత్ వాళ్లకి గంట దాకా ఉంటుంది. సూర్యుడి తిండి తిని సూర్యుడి టైమే దాదాపుగా చూపించే వాచీ పెట్టుకోవడానికి మనదే సరైన ఊరని స్టాఫ్ రూమ్‌లో చెప్తే ఎవరూ నవ్వలేదు.

దీన్ని తెచ్చిన రోజు నాన్నకి చూపించాను. పోర్టులో చేసినన్నాళ్లూ ఆయన చేతికి హెచ్ఎంటీ జనతా ఉండేది, ఇప్పటికీ ఉంది. రోజూ పొద్దున రేడియోలో వార్తలు వింటూ కీ ఇస్తారు. హుద్‌హుద్ తుపాను అప్పుడు, 2014 అక్టోబరులో, మా గోడగడియారం కిటికీ రెక్కతో పాటు పగిలిపోయింది, కరెంటు లేక ఫోన్లన్నీ చచ్చిపోయాయి, ఆ కొన్ని రోజులూ మా వీధి మొత్తానికి ఆ జనతాయే టైమ్. "సిటిజన్ అంటే మనవాళ్లకి నేర్పినోళ్లే కదమ్మా" అన్నారు. నిజమే, 1961లో బెంగళూరులో హెచ్ఎంటీ వాచీల ఫ్యాక్టరీ పెట్టింది సిటిజన్ వాళ్ల సాయంతోనే. ఆ హెచ్ఎంటీ వాచీల కంపెనీని 2016లో మూసేశారు.

ఇప్పుడు రాత్రిళ్లు రెండు వాచీలూ కిటికీ పక్కన టేబుల్ మీదే ఉంటాయి. పొద్దున నాన్న తన దానికి కీ ఇచ్చేసి, వార్తల్లో పడి, పక్కనున్న నా దాన్ని కూడా తీసుకుని దాని కీ తిప్పుతుంటారు. అది ఊరికే తిరుగుతూ ఉంటుంది. మొదటి రెండు రోజులు చెప్పాను. ఇప్పుడు చెప్పట్లేదు.