అనుమందరం తీగ

2022 జనవరి. సంక్రాంతి సెలవులు అయిపోయి బడి తెరిచిన మూడో రోజు. పొద్దున్న లేచేసరికి ఎడమ చెవిలో దూది కుక్కినట్టుగా ఉంది. వంటింట్లో కుక్కరు విజిల్ వేస్తే ఆ కూత కుడి పక్క నుంచే వచ్చింది. హైదరాబాద్‌లో ఉన్న మా అమ్మాయికి ఫోన్ చేసి, అలవాటు ప్రకారం ఎడమ చెవికి ఆనించాను. రింగ్ వినపడలేదు. ఫోన్ పాడైందేమోనని తీసి చూస్తే కాల్ కలిసే ఉంది. కుడి చెవికి మార్చాను. "అమ్మా, ఉన్నావా? అమ్మా!" అని అరుస్తోంది పిల్ల.

సాయంత్రానికి హోరు మొదలైంది. వానాకాలం రాత్రి పొలం గట్టు మీద కీచురాళ్ళు అరుస్తాయే, అచ్చం అలాంటి రొద. తేడా ఏమిటంటే అవి మనిషి అడుగుల చప్పుడు వింటే ఆగుతాయి. ఇది ఆగలేదు.

మాది విజయనగరం. హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాను. మర్నాడు ఊళ్ళోనే ఒక డాక్టరుకి చూపించుకుంటే చెవిలో గుబిలి గట్టిపడిందన్నారు. చుక్కల మందు, జలుబు మాత్రలు రాసి వారం ఆగి రమ్మన్నారు. ఆగాను. క్లాసులో ఎడమ వరస బెంచీల పిల్లలు డౌట్ అడిగితే నాకు తెలిసేది కాదు. "టీచర్, మూడుసార్లు పిలిచానండీ" అని ఒక అమ్మాయి చిన్నబుచ్చుకుంది. ఆరో రోజున స్టాఫ్‌రూమ్‌లో ఒక తోటి టీచరు నా చేయి పట్టుకుని, "ఇది గుబిలి కాదండీ. మా మావయ్యకి ఇలాగే అయింది, ఆలస్యం చేసి చెవి పోగొట్టుకున్నారు. ఇవాళే వైజాగ్ వెళ్ళండి" అంది. ఆవిడకి ఎప్పటికీ రుణపడి ఉంటాను.

వైజాగ్ డాక్టరు చెవిలోకి లైటు వేసి చూసి, సొరుగులోంచి శృతిదండం (ట్యూనింగ్ ఫోర్క్) తీశారు. పదిహేడేళ్ళుగా రబ్బరు దిమ్మ మీద కొట్టి పిల్లల చేత పట్టిస్తున్న శృతిదండమే! ఆయన దాన్ని మోకాలి మీద కొట్టి, కాడని నా నుదుటి మధ్య ఆనించి, "ఎటు పక్క వినపడుతోందమ్మా?" అని అడిగారు. మధ్యలో పెట్టారు కాబట్టి మధ్యలోనే వినపడాలి. కుడి పక్కకి వెళ్ళిపోయింది. గుబిలి వల్ల అయితే ధ్వని మూసుకుపోయిన చెవి పక్కకే ఒరుగుతుందట. బాగున్న చెవి పక్కకి ఒరిగిందంటే దెబ్బ లోపలి చెవికో నాడికో తగిలినట్టు. ఎడమ చెవిలో 80 డెసిబెల్స్ దాకా వినికిడి పోయిందని ఆడియోగ్రామ్ తేల్చింది. హఠాత్తుగా వచ్చే ఈ చెవుడుకి చాలామందిలో కారణం దొరకదట. వైద్యం స్టెరాయిడ్లు. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది, మొదటి రెండు వారాలూ చాలా విలువైనవి. నేను వాటిలో ఆరు రోజులు చుక్కల మందుతో పోగొట్టుకున్నాను.

అందుకే ఈ మాట ముందే రాస్తున్నాను. ఒక చెవి ఒక్కసారిగా మూసుకుపోతే వారం ఆగకండి. ఆ రోజో మర్నాడో వినికిడి పరీక్ష చేయించండి. ఇక ముందు నేను చెప్పబోయే వీణ సంగతి, శ్వాస సంగతి, అన్నీ ఆ తరవాతే.

రెండు వారాలు ప్రెడ్నిసొలోన్ మాత్రలు, ఆ తరవాత కర్ణభేరి లోపలికి మూడు ఇంజెక్షన్లు. నాడి మీద గడ్డ ఏదైనా ఉందేమోనని ఎంఆర్ఐ తీశారు, ఏమీ లేదు. ముఖం ఉబ్బింది, షుగర్ పెరిగింది, తరవాత తగ్గింది. ఫిబ్రవరి నెలాఖరుకి 80 కాస్తా 55కి వచ్చింది. "ఇంతవరకు వచ్చినందుకు సంతోషించాలమ్మా" అన్నారు డాక్టరు. హోరు మాత్రం ఎక్కడికీ పోలేదు.

మనుషులతో, బడితో పగలు ఎలాగో గడిచేది. రాత్రిళ్ళే నరకం. చప్పుడు లేకపోతే నిద్ర పడుతుందనుకుని కిటికీలు మూయించాను. గోడ గడియారంలో బ్యాటరీ తీయించాను. ఫ్యాన్ ఆపించాను. మా ఆయన పాపం చాప తీసుకుని హాల్లోకి వెళ్ళి పడుకునేవారు. ఇల్లు ఎంత సద్దుమణిగితే చెవిలో అంత పెద్దగా మోగేది. పైగా స్టీలు పళ్ళెం కింద పడ్డా, ఆటో హారన్ కొట్టినా అదే చెవిలో సూది గుచ్చినట్టుండేది. వినపడదు, వినపడితే నొప్పి. ఒక రాత్రి రెండు గంటలు పడుకుంటే గొప్ప. గుండె దడ. ఇంకెన్నాళ్ళిలా, అసలు ఎందుకీ బతుకు అన్న ఆలోచన కూడా వచ్చింది. ఆ మాట మా ఆయనకి చెప్పాను, డాక్టరుకీ చెప్పాను. సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపించారు. ఆవిడ ఇచ్చిన మందులు ఏడు నెలలు వాడాను. ఇది చెప్పడానికి సిగ్గుపడటం లేదు. ఆ మందులు లేకపోతే మిగతావి చేసే ఓపిక నాకు ఉండేది కాదు.

వినికిడి పరీక్షలు చూసే ఆడియాలజిస్ట్ నా కంటే చిన్నమ్మాయి. నేను సైన్సు టీచర్ని అని తెలిసి బొమ్మ గీసి చెప్పింది. "మేడమ్, రేడియోలో స్టేషన్ సరిగా అందకపోతే ఏం చేస్తారు? వాల్యూమ్ పెంచుతారు. అప్పుడు గరగర కూడా పెరుగుతుంది కదా. లోపలి చెవిలో రోమ కణాలు దెబ్బతింటే పైకి సిగ్నల్ తక్కువ వెళ్తుంది. మెదడు వాల్యూమ్ పెంచుకుంటుంది. మీరు వింటున్నది ఆ గరగరే. ఇల్లంతా నిశ్శబ్దం చేస్తే మెదడు ఇంకా పెంచుతుంది." హోరు కంటే దాన్ని చూసి పడే భయమే మనిషిని ఎక్కువ బాధపెడుతుందని, భయం ఉన్నన్నాళ్ళూ మెదడు దాన్ని కాపలా కాస్తూనే ఉంటుందని 1990లో జాస్ట్రెబాఫ్ అనే శాస్త్రవేత్త ఒక సిద్ధాంతం చెప్పాడట. దాని మీదే ఆ అమ్మాయి నాకిచ్చిన పద్ధతి నడుస్తుంది. గదిలో ఎప్పుడూ ఏదో ఒక మెత్తటి ధ్వని ఉండాలి. అది హోరుని ముంచేయకూడదు, హోరు కంటే ఒక పిసరు తక్కువగా, పక్కన కూర్చున్నట్టు ఉండాలి.

నెలన్నరగా నేను చేసిందంతా తలకిందులని ఆ రోజు తెలిసింది.

ఏ ధ్వని? ఇక్కడ చాలా తిరిగాను. యూట్యూబ్‌లో ఫలానా హెర్ట్జ్ వింటే నరాలు బాగవుతాయని చెప్పే వీడియోలు రాత్రంతా ఇయర్‌ఫోన్స్‌తో విన్నాను. ఆ అంకెల వెనక నాకు శాస్త్రం ఏమీ కనపడలేదు, చెవి మాత్రం ఇంకా సలిపింది. కంచు గిన్నెలు, గాంగ్ మోగించే ఒక శిబిరానికి వెళ్ళాను. బాగున్న చెవులకి అది హాయేమో. గాంగ్ మోగగానే నేను చెవి పట్టుకుని బయటికి వచ్చేశాను. భ్రామరి ప్రాణాయామం ప్రయత్నించాను. హఠయోగ ప్రదీపిక రెండో అధ్యాయంలో ఉన్న పాత సాధన అది. తుమ్మెదలా ఝుంకారం చేస్తూ శ్వాస వదలడం. చెవులు వేళ్ళతో మూసుకుని చేయమన్నారు. మూయగానే నా కీచురాళ్ళు పదింతలయ్యాయి. భయపడి మానేశాను.

మా అత్తయ్యకి డెబ్బై ఎనిమిదేళ్ళు. పెళ్ళికి ముందు ఇక్కడి మహారాజా సంగీత కళాశాలలో వీణ నేర్చుకున్నారు. 1919లో మొదలై, ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులుగా ఉన్న కాలేజీ అని ఇప్పటికీ ఎంతో గర్వంగా చెబుతారు. వేళ్ళకి కీళ్ళవాతం వచ్చి పదేళ్ళుగా వీణ ముట్టలేదు. గవిసెన తొడిగిన ఆ వీణ ఆవిడ గదిలో ఒక మూల, పీట మీద ఉంటుంది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో చేయించింది. ఒకే పనస దుంగని తొలిచి చేసిన ఏకాండి వీణ.

మార్చిలో ఒక మధ్యాహ్నం నేను హాల్లో చెవి పట్టుకుని కూర్చుని ఉంటే పిలిచారు. "ఇలా రా అమ్మా." అప్పటికే గవిసెన తీసేసి ఉంది. ఎప్పుడు పిలిపించారో, ఎవరి చేతో తీగలు మార్పించారు కూడా. కింద కూర్చోబెట్టారు. నేను వీణ కుండ మీదకి చెవి వంచబోతే తల అడ్డంగా ఊపి, "చెవి పెట్టకు. దవడ ఆనించు" అన్నారు. ఎడమ దవడ ఆనించాను. ముసలి కర్ర వాసన, కొంచెం కర్పూరం వాసన. ఆవిడ వంకర తిరిగిన చూపుడు వేలితో అన్నిటికంటే మందమైన తీగని, అనుమందరాన్ని, ఒక్కసారి మీటారు.

అది ముందు పళ్ళలోకి వచ్చింది. తరవాత చెంప ఎముక, కంటి కింద, అక్కడి నుంచి మెడ వెనక్కి. నా ఎడమ చెవికి వినపడలేదు. ఎడమ చెంపకి తెలిసింది. చెవి పోయిన నాటి నుంచీ ఆ పక్కంతా నాది కానట్టు, కొయ్యబారినట్టు ఉండేది. ఆ పక్కకి ఒకరు వచ్చి పలకరించినట్టయింది.

రెండో మీటు కోసం చేయి చాపితే ఆపారు. "అది పూర్తిగా అయిపోనీ. ఎక్కడ అయిపోతుందో చూడు. చూశాక కొట్టు."

చూశాను. ఎనిమిది సెకన్లో పదో. ధ్వని ఆగాక కూడా కర్రలో చిన్న వణుకు ఉంటుంది, అదీ ఆగాక మన ఒంట్లో ఉంటుంది. ఎక్కడ ముగిసిందో పట్టుకోవాలని చూస్తూ చూస్తూ ఒక సంగతి గమనించాను. ఆ పది సెకన్లూ నేను హోరుని కాపలా కాయలేదు. అది అక్కడే ఉంది. నేను అక్కడ లేను. ఏడుపొచ్చేసింది. అత్తయ్య ఏమీ అనలేదు, ఇంకోసారి మీటారు.

టీచర్ని కాబట్టి ఇదేమిటో తెలుసుకోకుండా ఉండలేకపోయాను. దవడ ఎముక గుండా వెళ్ళిన కంపనాన్ని విన్నది నిజానికి నా కుడి లోచెవే. ఎడమ పక్క తెలిసింది స్పర్శ. వీణ నా నాడిని బాగుచేసిందని నేను అనను, ఆ తరవాత తీసిన ఆడియోగ్రామ్‌లో 55 అలాగే ఉంది. మారింది హోరుకీ నాకూ మధ్య సంబంధం. ఇంకో విషయం, ఆ మందమైన తీగలో ఉన్నది ఒక్క కింది స్వరం కాదు. తీగలని మోసే వీణ గుర్రం మీద ఇత్తడి రేకు కొంచెం వంపుగా ఉంటుంది. ఆ వంపుని తాకుతూ కదిలే తీగలో పై అనుస్వరాలు, అంటే అసలు స్వరంతో కలిసి మోగే పై స్వరాలు, గుంపుగా పుడతాయి. సి.వి. రామన్ గారు 1921లో తంబురా మీదా వీణ మీదా రాసిన పరిశోధన ఈ వంపు గురించే. అందుకే కాబోలు ఆ నాదం పక్కన నా కీచురాళ్ళు అంత పరాయిగా అనిపించలేదు.

అప్పటి నుంచి పొద్దున్న ఇరవై నిమిషాలు, రాత్రి ఇరవై నిమిషాలు. మీటుతూ గాలి పీల్చడం, ఆ స్వరానికి పై స్థాయిలో, గొంతుకి హాయిగా ఉన్న చోట, పెదాలు మూసి "మ్..." అంటూ వదలడం. భ్రామరే, చెవులు మూయకుండా. నిమిషానికి ఆరు శ్వాసలు పడేవి. శ్వాస వదిలేటప్పుడు గుండె వేగం తగ్గుతుంది, మెదడు నుంచి గుండెకి వచ్చే వేగస్ నాడి పని అది. వదలడం సాగదీస్తే ఆ తగ్గుదల కూడా సాగుతుంది. కూర్చునే ముందు నాడి పట్టుకుని లెక్కపెడితే 92, లేచేటప్పుడు 76. రోజూ నోట్‌బుక్‌లో రాసుకునేదాన్ని. ఝుంకారం చేస్తే ముక్కులో నైట్రిక్ ఆక్సైడ్ పదిహేను రెట్లు పెరుగుతుందని 2002లో స్టాక్‌హోమ్ కరోలిన్‌స్కా సంస్థ శాస్త్రవేత్తలు కొలిచారు. చాలామంది దాన్ని అన్ని రోగాలకీ మందులా చెబుతున్నారు. అది సైనస్‌ల సంగతి. నాకు పనికొచ్చింది సాగిన శ్వాస, చెంపలో వణుకు, ముగింపు కోసం చూసే ఆ ఓపిక.

నిద్రకి మాత్రం ఫోన్‌లో తంబురా యాప్. ఇయర్‌ఫోన్స్ లేకుండా, మంచానికి అవతల బల్ల మీద, హోరు దాని చాటున పోకుండా సన్నగా. గోడ గడియారానికి బ్యాటరీ వేశాం. ఫ్యాన్ తిరిగింది. మా ఆయన చాప చుట్టి గదిలోకి వచ్చేశారు.

ఏప్రిల్‌లో నాలుగు గంటల నిద్ర, జూన్‌లో బడి తెరిచేనాటికి ఆరు. ఒక రోజు మధ్యాహ్న భోజనం బెల్లు కొట్టాక, పొద్దున్నించీ హోరు గుర్తే రాలేదని గుర్తొచ్చింది. గుర్తు రాగానే వినపడిందనుకోండి, అయినా సంతోషమే. ఆగస్టులో జ్వరం, జలుబు వచ్చి మళ్ళీ మొదటికొచ్చినంత పనైంది. మూడు రాత్రులు వణికిపోయాను. ఈసారి కిటికీలు మూయలేదు. పది రోజుల్లో తగ్గింది. అక్టోబరులో పైడితల్లమ్మ సిరిమాను పండక్కి చెవిలో ప్లగ్ పెట్టుకుని మూడు లాంతర్ల సెంటర్ దగ్గర అంత జనంలో నిలబడి చూశాను. డప్పుల దరువు కాళ్ళలోంచి పైకి వచ్చింది.

ధ్వని పాఠం వచ్చినప్పుడు ఇప్పుడు నేను శృతిదండాన్ని చెవి దగ్గరే పెట్టించి ఊరుకోను. కాడని గడ్డానికి, మోచేతి ఎముకకి ఆనించమంటాను. పిల్లల కళ్ళు పెద్దవవుతాయి.

ఈ ఏడాది అత్తయ్యకి రెండు చెవులూ బాగా మందగించాయి. మెషిన్ పెట్టుకోమంటే ఒప్పుకోవడం లేదు. రాత్రి అన్నాలయ్యాక వీణకి ఆ పక్క ఆవిడ, ఈ పక్క నేను కూర్చుంటాం. ఇప్పుడు మీటేది నేను, కుండకి దవడ ఆనించేది ఆవిడ. స్వరం అయిపోగానే వేలు ఎత్తాలి, అదీ మా లెక్క. నేను వేలు ఎత్తేసి చూస్తూ ఉంటాను. ఆవిడ కళ్ళు మూసుకుని, వేలు దించే ఉంచి, ఇంకా వింటూనే ఉంటారు.