అమలాపురం నుంచి డాలస్‌కి అమ్మ ప్రయాణం

చెల్లికి పురుడు పోయడానికి అమ్మ డిసెంబర్‌లో డాలస్ వెళ్తోంది. టికెట్ చూపించగానే "ఎంత దూరంరా?" అంది. పెరట్లోంచి పంపర పనసకాయ తెచ్చి, తొడిమే ఉత్తర ధ్రువం అని చెప్పి, పెన్నుతో ఒకవైపు హైదరాబాద్‌కి, దాదాపు సరిగ్గా అవతలి వైపు డాలస్‌కి చుక్కలు పెట్టాను. పూలు కట్టే దారం రెంటి మధ్యా బిగించి లాగితే అది నడుము మీద నిలవలేదు, జారి జారి తొడిమ పక్కకొచ్చి ఆగింది. దగ్గర దారి అదే, ధ్రువం పక్క నుంచి సుమారు 14,400 కిలోమీటర్లు. మేం తీసుకున్నది దుబాయ్ మీదుగా: అక్కడికి 2,550, అక్కడి నుంచి డాలస్‌కి 12,900. చుట్టు తిరిగినా వెయ్యి కిలోమీటర్లే ఎక్కువ! నేను మూడు నాలుగు వేలు ఉంటుందనుకున్నాను.

దుబాయ్ నుంచి డాలస్‌కి పదహారు గంటల పైనే, తిరిగొచ్చేటప్పుడు సుమారు పద్నాలుగున్నర. దారి ఒకటే కదా, ఈ తేడా ఏంటని అడిగింది అమ్మ. విమానాలు ఎగిరే ఎత్తులో గాలి ఎక్కువగా పడమర నుంచి తూర్పుకి వీస్తుంది, కొన్నిచోట్ల గంటకి రెండు వందల కిలోమీటర్లు దాటుతుంది అని చెప్పడం మొదలుపెట్టానో లేదో, "వరద గోదాట్లో పడవే కదరా, వాలుకైతే చిటికెలో, ఎదురుకైతే పూటంతా" అంది. లంకలో పుట్టిన మనిషికి నేనింకేం చెప్పాలి.

అసలు టైమంతా పోయేది నేల మీదే. మా ఇంటి నుంచి శంషాబాద్‌కి రాత్రి బస్సులో పది గంటలు, అన్ని గంటల్లో విమానం తొమ్మిది వేల కిలోమీటర్లు వెళ్తుంది. ఎయిర్‌పోర్టులో ముందుగా నాలుగు గంటలు, దుబాయ్‌లో నాలుగు, డాలస్‌లో దిగాక ఇమిగ్రేషన్, సామాను, ఇంటికి కారు. గాల్లో ఇరవై గంటలైతే నేల మీద ఇంకో ఇరవై. పెద్దవాళ్ళకి టికెట్ తీసేవాళ్ళు దయచేసి ఇది చూడండి. పోయినసారి పెద్దమ్మకి త్వరగా చేరుతుందని మధ్యలో గంటన్నరే ఉన్న టికెట్ తీశాం, మొదటి విమానం లేటై రెండోది తప్పిపోయింది, భాష రాని చోట ఆవిడ రాత్రంతా ఒక్కతే కూర్చుంది. అందుకే ఈసారి నాలుగు గంటల గ్యాప్, వీల్‌చైర్ కూడా ముందే అడిగి పెట్టాను.

టైము లెక్క అమ్మకి సులువుగానే వచ్చింది. చలికాలంలో డాలస్ మనకంటే పదకొండున్నర గంటలు వెనక, కాబట్టి మన గడియారానికి అరగంట కలిపి పగలు రాత్రి మార్చుకుంటే చాలు: ఇక్కడ రాత్రి ఎనిమిదైతే అక్కడ పొద్దున్న ఎనిమిదిన్నర. మార్చిలో వాళ్ళు గడియారం గంట ముందుకి జరిపాక అరగంట బదులు గంటన్నర కలపాలి. నాన్నకి రోజూ రాత్రి ఎనిమిదింటికే ఫోన్ చేస్తానని, ఆ టైముకి భోంచేసి ఉండాలని ఇప్పటి నుంచే చెబుతోంది.