లబాడీ వీధిలో ఆ ఇల్లు

సెయింట్ లూయిస్ ఎయిర్‌పోర్టులో దిగి మెట్రోలింక్ రైలెక్కాను. ఆస్తి చట్టం, ఇళ్ళ విషయంలో వివక్ష - వీటి మీద పనిచేసే లా అధ్యాపకుల సదస్సు, రెండు రోజులు. నా పేపరు రెండో రోజు భోజనాలయ్యాక, అంటే అందరికీ కునుకు పట్టే వేళ. కాబట్టి మొదటి రోజు టెన్షన్ లేదు.

నిజం చెప్పాలంటే నేను అంత దూరం వెళ్ళింది ఒక ఇల్లు చూడటానికి. 4600, లబాడీ అవెన్యూ. ఇళ్ళ విషయంలో జాతి వివక్ష మీద అమెరికా సుప్రీంకోర్టు తేల్చిన 'షెల్లీ వర్సెస్ క్రేమర్' కేసు ఆ ఇంటి గురించే. దాన్ని ఏళ్ళ తరబడి పాఠం చెప్పాను గానీ, ఆ ఇల్లెలా ఉంటుందో ఎప్పుడూ ఊహించుకోలేదు. మొదటి రోజు భోజనం ఎగ్గొట్టి క్యాబ్ పిలిచాను. డెల్మార్ రోడ్డు దాటి ఉత్తరానికి తిరిగామో లేదో, కిటికీలకు చెక్కలు కొట్టిన ఇళ్ళు, గడ్డి మొలిచిన ఖాళీ స్థలాలు. ఊరు అక్కడే రెండుగా చీలింది.

తీరా చూస్తే మామూలు రెండంతస్తుల ఇటుకల ఇల్లు. 1945లో ఎథెల్, జె.డి. షెల్లీ దంపతులు ఆరుగురు పిల్లల కోసం దాన్ని కొన్నారు. నల్లవాళ్ళకూ 'మంగోలియన్ జాతి' (అంటే తూర్పు ఆసియా) వాళ్ళకూ యాభై ఏళ్ళ పాటు ఇక్కడ చోటివ్వకూడదని, ఆ వరస ఇళ్ళ యజమానులు 39 మందిలో 30 మంది 1911లోనే సంతకాలు పెట్టేశారు. మనం ఇల్లు కొనేముందు ఈసీ తీయిస్తాం, లింకు డాక్యుమెంట్లు లాయరుకు చూపిస్తాం. పాపం షెల్లీలకు ఆ షరతు ఉన్నట్టే తెలీదు. అదే షరతు కింద ఇల్లున్న క్రేమర్ దంపతులు కోర్టుకెక్కారు. 1948 మే 3న సుప్రీంకోర్టు షెల్లీల వైపు తీర్పిచ్చింది, 6-0. మిగతా ముగ్గురు జడ్జీలు కేసు నుంచి తప్పుకున్నారు. వాళ్ళ ఇళ్ళ కాగితాల్లోనూ అలాంటి షరతే ఉండి ఉంటుందని చాలామంది అనుమానం.

అయితే తీర్పులో ఒక మెలిక ఉంది. అలా రాసుకోవడం తప్పని కోర్టు అనలేదు, కోర్టులు దాన్ని అమలు చేయకూడదంది, అంతే. ఇళ్ళ అమ్మకాల్లో, అద్దెల్లో వివక్షను నిషేధించే చట్టం 1968 ఏప్రిల్లో గానీ రాలేదు, అదీ మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికి.

మర్నాడు నా పేపరు అహ్మదాబాద్ పార్సీల హౌసింగ్ సొసైటీ కేసు మీద. సభ్యత్వం పార్సీలకే అన్న నిబంధన చెల్లుతుందని 2005లో మన సుప్రీంకోర్టు చెప్పింది. ఎవరూ నిద్రపోలేదు. ఒకావిడ లేచి, "మరి మామూలు అద్దె ఇళ్ళలో? అగ్రిమెంట్లో ఏమని రాస్తారు?" అంది.

ఏమీ రాయరన్నాను. ఇంటి ఓనరు ఫోన్లోనే మొదట ఇంటిపేరు అడుగుతాడు. దాంతో తేలకపోతే, "మీరేమిట్లు?" అంటాడు. నేను హైదరాబాద్‌లో అద్దెకున్న మూడు ఇళ్ళలో రెండు చోట్ల ఈ ప్రశ్న దాటే లోపలికెళ్ళాను. ఆ మాటను ఇంగ్లీషులో చెప్పబోయి రెండుసార్లు తడబడ్డాను. కులం అన్న మాటే లేకుండా కులం అడగడం ఎలాగో వాళ్ళకు అర్థమయ్యేసరికి టైమైపోయింది.

టీ దగ్గర ఆవిడ నోట్‌బుక్ తెరిచి పట్టుకుని వచ్చింది, ఆ మాటకు స్పెల్లింగ్ చెప్పమంటూ.