గడియ

లిఫ్టు రెండు, మూడు అంతస్తుల మధ్య ఆగిపోయింది. కరెంటు తిరిగి రావడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదట. ఆలోపే నాకు ఒళ్లంతా చెమటలు, గుండెదడ, వేళ్లకు తిమ్మిర్లు. గుండెపోటే అనుకున్నాను. ఆసుపత్రిలో ఈసీజీ తీశారు, ఎకో చేశారు, థైరాయిడ్ చూశారు. అన్నీ బాగానే ఉన్నాయి. అప్పుడు నాకు 36 ఏళ్లు. ఆరు నెలల్లో మరో నాలుగుసార్లు అలాగే వచ్చింది. చివరికి గుండె డాక్టరే నన్ను మానసిక వైద్యురాలి దగ్గరికి పంపించారు.

చిన్నతనం ఎక్కడ గడిచిందని ఆవిడ అడగగానే నా ముక్కుకు ఎండుమిర్చి ఘాటు తగిలింది. నాన్న పోయాక పెదనాన్నగారింట్లో ఉండి చదువుకున్నాను. మార్కులు తగ్గినా, పాలు ఒలికినా మిరపకాయల బస్తాలుండే గదిలో పెట్టి బయట గడియ వేసేవారు. ఒక్కోసారి తెల్లవార్లూ. తిన్న దెబ్బలు పెద్దగా గుర్తు లేవు. ఇనుప గడియ కొక్కెంలో పడే చప్పుడు మాత్రం చెవిలోనే ఉండిపోయింది. దాన్ని ఇంట్లో ‘భయం చెప్పడం’ అనేవారు. నేనూ అదే అనుకుంటూ పెరిగాను.

భయంలో పెరిగిన పిల్లల మెదడులో అమిగ్డలా అనే భాగం చిన్న అలికిడికే ఉలిక్కిపడటానికి అలవాటుపడుతుందని డాక్టరు చెప్పారు. పిల్లలపై జరిగే హింస మీద 2007లో కేంద్ర ప్రభుత్వం వెలువరించిన అధ్యయనం గురించి ఒక రాత్రి చదివాను. ఆంధ్రప్రదేశ్‌తో కలిపి 13 రాష్ట్రాల్లో చేశారు. ప్రతి ముగ్గురు పిల్లల్లో ఇద్దరు దెబ్బలు తిన్నవాళ్లే. నాలాంటివాళ్లు ఇంతమందా అన్న ఊరట కలగలేదు, ఒళ్లు మండింది. ఇంతమందికి భయం చెప్పి ఎవరికి ధైర్యం నేర్పినట్టు?

మందులు మొదటి పది రోజులూ దడను ఇంకా పెంచాయి. నాలుగో వారానికి నిద్ర పట్టింది. అసలు పని కౌన్సెలింగ్‌లో జరిగింది. తలుపు తెరిచి ఉన్న లిఫ్టులో ఊరికే నిలబడటం, తర్వాత ఒక్క అంతస్తు, ఆ తర్వాత రెండు. పెదనాన్నగారింట్లో పెళ్లికి వెళ్లొచ్చాక వ్యవహారం మళ్లీ మొదటికొచ్చింది. ఇప్పుడు ఆఫీసులో అయిదో అంతస్తు దాకా లిఫ్టులోనే వెళ్తున్నాను. బాత్రూమ్‌కు మాత్రం ఇంకా గడియ పెట్టుకోను. ఇంట్లోవాళ్లు తలుపు తట్టి వస్తారు.

అమ్మకు చెప్పడానికి ఏడాది పట్టింది. “అన్నం పెట్టి చదివించారు కదే” అంది.

“అన్నమూ పెట్టారు, గదిలోనూ పెట్టారు” అన్నాను.

ఆ రోజంతా మాట్లాడలేదు. మర్నాడు పొద్దున కాఫీ గ్లాసు నా ముందు పెడుతూ అడిగింది, “ఆ గదికి కిటికీ ఉండేదా?”