ఎడమ చెయ్యి మర్చిపోలేదు

28 ఏళ్ల తర్వాత నిన్న మళ్లీ సైడ్ డ్రమ్ము తగిలించుకున్నాను. మా స్కూల్ బ్యాండ్ పాత బ్యాచ్ పదకొండు మందిమి కాకినాడలో కలిశాం. అందరికీ పొట్టలొచ్చాయి, డ్రమ్ము బెల్టులు చివరి రంధ్రం దాకా వదులు చేయాల్సి వచ్చింది.

నా టెన్షనంతా ఎడమ చేతి గురించే. డ్రమ్ము ఓ పక్కకి వాలి ఉంటుంది కాబట్టి ఎడమ చేతి పుల్లని అరచెయ్యి పైకి తిప్పి, బొటనవేలి సందులో పట్టుకోవాలి. అప్పట్లో ఇది రావడానికి నాకు ఒక వేసవంతా పట్టింది. నిన్న పుల్ల తీసుకోగానే వేళ్లు వాటంతటవే సర్దుకున్నాయి. రోల్ మాత్రం, అంటే రెండు పుల్లలతో ఆపకుండా గబగబా వాయించే మోత, మధ్యమధ్యలో తెగిపోయింది, అది వేరే సంగతి.

మా రోజుల్లో తోలు డ్రమ్ములు. వానాకాలం మెత్తబడితే పరేడ్‌కి ముందు ఎండలో పెట్టేవాళ్లం. ఇప్పుడన్నీ ప్లాస్టిక్ షీట్లే. మోత ఎక్కువ, నాకైతే ఆ నిండుదనం వినిపించలేదు.

నిమిషానికి 120 అడుగులు, అదే పాత కవాతు వేగంతో మొదలుపెట్టాం. రెండు రౌండ్లకే బాస్ డ్రమ్ము వాడు నడుం పట్టుకుని, "ఒరేయ్, కూర్చుని వాయిద్దాంరా" అన్నాడు. కూర్చున్నాం. బ్యూగిల్ వాడికి ఊపిరందక మధ్యలో నవ్వొచ్చేసింది, ఇంకేముంది, అందరం ఆగిపోయాం. మళ్లీ మొదటి నుంచి. చీకటి పడేదాకా.